వెచ్చతెర: గుంటూరులో కుట్టు, విన్నిట్సాలో చలి

11 అక్టోబర్ 2022, మంగళవారం

నిన్న పొద్దున ఉక్రెయిన్‌లో కీవ్ మీదా, ఇంకా చాలా ఊళ్ళ మీదా రష్యా క్షిపణులు పడ్డాయి. ఈసారి గురి పెట్టింది ఎక్కువగా కరెంటు స్టేషన్ల మీద. మా అబ్బాయి ఆన్‌లైన్ క్లాసులో ఉండగా వాళ్ళ మేడమ్ గొంతు సగం మాటలో ఆగిపోయింది. మళ్ళీ కలుస్తుందేమోనని వాడు లాప్‌టాప్ ముందు అరగంట అలాగే కూర్చున్నాడు.

వాడు ఉక్రెయిన్‌లోని విన్నిట్సాలో మెడిసిన్ నాలుగో సంవత్సరం. యుద్ధం మొదలయ్యాక మన ప్రభుత్వం నడిపిన ఆపరేషన్ గంగ కింద ఇంటికి చేరిన దాదాపు 22,500 మందిలో వాడొకడు. చెర్నివ్‌ట్సి దాకా బస్సు, అక్కడి నుంచి రుమేనియా సరిహద్దులో సిరెట్ దగ్గర చలిలో క్యూ. ఆ క్యూలో వాడు కప్పుకున్న గళ్ళ ఉన్ని దుప్పటి హాస్టల్ వార్డెన్ ఆంటీది. తన మంచం మీది నుంచి తీసి వాడి భుజాల మీద వేసి పంపింది. ఏడు నెలలుగా అది మా బీరువాలో కలరా ఉండల మధ్య ఉంది. గుంటూరులో దాన్ని కప్పుకునే రోజు రాదు.

నిన్న రాత్రి ఆవిడ వాయిస్ మెసేజ్ పెట్టింది. హాస్టల్లో పిల్లలెవరూ లేరు కాబట్టి ఇప్పుడు సాయంత్రాలు ఒక బడిలో పనిచేస్తోంది. ఆ బడి జిమ్ హాలులో ఇళ్ళు వదిలి వచ్చిన కుటుంబాలు ఉంటున్నాయి. ఖార్కివ్, బఖ్‌ముత్, ఖెర్సన్ వైపు వాళ్ళు, మొత్తం 19 కుటుంబాలు. దేశం లోపలే ఇలా ఇల్లు వదిలిన వాళ్ళు 60 లక్షలకు పైగా ఉన్నారు. అంత పెద్ద అంకె నా బుర్రకు ఎక్కదు. 19 ఎక్కుతుంది.

"దుప్పట్లు పంపమంటారా ఆంటీ?" అని మా వాడి చేత అడిగించాను.

"దుప్పట్లు కావలసినన్ని వచ్చాయి. పెట్టుకోవడానికి చోటు లేదు. హాలు వేడెక్కదు, అదీ మా బాధ" అంది.

హాలు పైకప్పు ఏడు మీటర్ల ఎత్తు. గోడ వెంట వేడినీళ్ళ రేడియేటర్లు ఉన్నాయి గానీ వేడంతా పైకి పోయి కప్పు కింద నిలబడుతుంది. కరెంటు పోతే నీళ్ళు తిప్పే పంపు ఆగుతుంది, రేడియేటరూ చల్లబడుతుంది. ఇంకా అక్టోబరే. జనవరిలో అక్కడ మైనస్ పది మామూలు.

నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఉష్ణ ప్రసారం చాప్టర్ ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను. రాత్రంతా ఆ ఏడు మీటర్ల కప్పే కళ్ళ ముందు కదిలింది.

13 అక్టోబర్, గురువారం

ఫిబ్రవరిలో పిల్లలు బంకర్లలో ఉన్నప్పుడు పెట్టుకున్న తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది. గుంటూరు, విజయవాడ, తెనాలి వాళ్ళం. విషయం అందులో పెట్టాను. గంటలో నలభై మెసేజ్‌లు. సగం మంది బొంతలు కుట్టిద్దామన్నారు. మంచి పత్తి మన దగ్గర పండుతుంది, ఏకిన దూదితో రజాయిలు చేయిద్దాం అన్నారు. తెనాలి నుంచి ఒక వదిన అప్పుడే పాత చీరలు మూట కట్టి ఫొటో పెట్టింది.

కాదనడానికి మనసు రాలేదు, కానీ లెక్క చెప్పాల్సి వచ్చింది. మా ఇంట్లో బొంత కాటా మీద పెడితే మూడున్నర కిలోలు. ఉక్రెయిన్ మీద విమానాలు ఫిబ్రవరి 24 నుంచే లేవు. సరుకు పోలండ్‌కో రుమేనియాకో పోయి అక్కడి నుంచి లారీలో వెళ్ళాలి. విజయవాడలో కొరియర్ అతను చెప్పిన రేటు ప్రకారం ఒక బొంత పంపే ఖర్చుతో మూడు బొంతలు కుట్టించొచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, ఆవిడ మాకు దుప్పట్లు వద్దని నోరు తెరిచి చెప్పింది.

వదిన చీరల మూట అలాగే ఉంచమన్నాను. దేనికో ఒకదానికి పనికొస్తుంది.

16 అక్టోబర్, ఆదివారం

రాత్రి దోమలు. దోమతెర దించి అంచులు పరుపు కింద దోపుతుంటే తట్టింది. లోపల కాస్త ఉక్కగా ఉంటుంది కదా. వలగుడ్డ, అంతా కంతలే, అయినా గాలి కదలక ఉక్క పోస్తుంది. మరి వల బదులు మందపాటి గుడ్డ అయితే?

మనిషి ఊరికే కూర్చున్నా ఒంటి నుంచి దాదాపు వంద వాట్ల వేడి బయటికి పోతుంది. నిద్రలో కాస్త తగ్గుతుంది, డెబ్భై ఎనభై అనుకోవచ్చు. తల్లీ ఇద్దరు పిల్లలూ ఒక్కచోట పడుకుంటే రెండు వందల వాట్ల హీటరు. దానికి కరెంటు అక్కర్లేదు. ఆ వేడి ఏడు మీటర్ల హాలులోకి పోతే లెక్కకే రాదు. మంచం చుట్టూ నాలుగు గోడలు, పైన ఒక కప్పు ఉంటే నిలుస్తుంది. హాలును వదిలేసి పడకను చూసుకోవాలి.

పొద్దున్నే లాలాపేటలో దోమతెరలు కుట్టే టైలరు బాబాయ్ దగ్గరికి వెళ్ళాను. ముప్పై ఏళ్ళుగా అదే పని. మంచం కొలత చెప్తే కాగితం లేకుండా గుడ్డ కత్తిరిస్తాడు. అంతా విని, "వలకైతే బరువుండదమ్మా, మూలల్లో నాడా కుడితే చాలు. గుడ్డ బరువుకి కుట్టు చిరుగుద్ది. మూలమూలకీ లోపల పట్టీ వెయ్యాలి" అన్నాడు. ఎవరి కోసమో చెప్పాక డబ్బు మాట ఎత్తలేదు. గుడ్డ తెచ్చుకోమన్నాడు.

19 అక్టోబర్, బుధవారం

మొదటి తెర తయారు. ఆరు బై నాలుగు మంచానికి, దోమతెరంత ఎత్తు, అయిదున్నర అడుగులు. తేలిగ్గా ఉంటుందని పారాచూట్ గుడ్డ వాడాం. బరువు కిలోకి కాస్త ఎక్కువ.

విజయవాడ నుంచి ఒక అబ్బాయి మాల్డోవాలోని చిసినావ్ మీదుగా వెనక్కి ఉక్రెయిన్ వెళ్ళాలనుకుంటున్నాడు. క్లాసులు పోతాయని వాడి టెన్షన్. వాడి సూట్‌కేసులో ఒక తెర మడిచి పెడదాం అనుకున్నాం. ఈ సాయంత్రం మన ఎంబసీ నుంచి అడ్వైజరీ వచ్చింది: ఉక్రెయిన్‌కు ఎవరూ రావద్దు, ఉన్నవాళ్ళు కూడా త్వరగా బయటికి వెళ్ళిపోండి అని. వాళ్ళమ్మ ఫోన్ చేసి ఏడ్చింది. టికెట్ రద్దు.

అంటే ఇక్కడి నుంచి ఒక్క తెర కూడా వెళ్ళదు. వెళ్ళేది కొలతలు, కుట్టే పద్ధతి. గుడ్డ అక్కడే కొనాలి, అక్కడి చేతులే కుట్టాలి. అప్పుడు ఇక్కడ మా పని ఒక్కటే, పద్ధతిలో తప్పులన్నీ ముందుగా మేమే చేసి చూసుకోవడం.

కానీ గుంటూరులో చలి ఎక్కడ దొరుకుతుంది?

23 అక్టోబర్, ఆదివారం

మిర్చి కోల్డ్ స్టోరేజీలో దొరుకుతుంది. గ్రూపులో ఒక నాన్నగారికి ఏటుకూరు రోడ్డు వైపు స్టోరేజీలో వాటా ఉంది. పొద్దున ఎనిమిదికి రమ్మన్నారు. బయట 29 డిగ్రీలు. చాంబర్ తలుపు తీసి లోపలికి అడుగు పెట్టగానే ముందు చలి తెలియలేదు, ఘాటు తెలిసింది. ముక్కు, గొంతు, కళ్ళు ఒక్కసారిగా మండాయి. కప్పు దాకా మిర్చి టిక్కీలు, మధ్యలో పది అడుగుల ఖాళీ. కాలేజీ ల్యాబ్ థర్మామీటరు 7 డిగ్రీలు చూపించింది.

నాలుగు తాళ్ళు ర్యాకుల గుంజలకు కట్టి తెర వేలాడదీశాం. కింద చాప, పరుపు. నేనూ మా అబ్బాయీ లోపల పడుకున్నాం. బయట ఒక థర్మామీటరు, లోపల తలవైపు ఒకటి, కాళ్ళవైపు ఒకటి.

నలభై నిమిషాలకు లోపల 10. మూడు డిగ్రీలే పెరిగింది. గంట దాటాక నా నుదుటి మీద చుక్క పడింది. టార్చి వేసి చూస్తే కప్పు లోపలి వైపంతా చెమట పట్టినట్టు తడి. మన ఊపిరిలోని ఆవిరి పారాచూట్ గుడ్డ దాటి పోలేక చల్లటి గుడ్డ మీద నీళ్ళైంది. మనిషి ఊపిరితోనూ ఒంటితోనూ ఒక రాత్రిలో పావు లీటరు నీళ్ళు వదులుతాడు. ముగ్గురివి కలిపితే ముప్పావు లీటరు. తెల్లారేసరికి ఆ పిల్లల పక్కలు తడిసిపోతాయి. అక్కడ తడిస్తే ఆరే దారి లేదు.

బయటికి వచ్చి టీ తాగుతుంటే హమాలీలు చుట్టూ చేరారు. రోజంతా ఈ చలిలోకి వెళ్ళి వచ్చే మనుషులు వీళ్ళే. ఒక్కొక్కరి ఒంటి మీద జెర్కిన్, తలకు మంకీ క్యాప్, మెడకు తువ్వాలు. పెద్దాయన ఒకడు అన్నాడు: "మేడమ్, పైన ఎన్ని కప్పినా చలి కింద నుంచి లాగుద్ది. మేం మధ్యాన్నం నడుం వాల్చాలంటే గోనె పట్టాలు నాలుగు మడతలేసి దాని మీద అట్టపెట్టె పరుస్తాం. ముందు నేల సంగతి చూడండి."

నా చాప్టర్‌లో వహనం అనే మాట ఉంది, వేడి తాకిన వస్తువులోకి పాకడం. ఈయన చెప్పినంత సూటిగా నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు.

ఇంటికి వచ్చాక ఇంకొకటి బయటపడింది. తెర మడత విప్పితే ఇల్లంతా మిర్చి ఘాటు. రెండు సార్లు ఉతికినా పోలేదు. ఒకవేళ ఆ అబ్బాయి ప్రయాణం ఆగకుండా, ఈ తెరే సూట్‌కేసులో వెళ్ళి ఉంటే, అక్కడి పసిపిల్లల కళ్ళు ఏమయ్యేవో. ఇక మీద పరీక్షకు వాడిన గుడ్డ పరీక్షకే.

24 అక్టోబర్, సోమవారం

దీపావళి. టపాకాయలు మోగినప్పుడల్లా మా వాడు ఉలిక్కిపడ్డాడు. తలుపులు వేసుకుని డ్రాయింగ్ గీశాం.

30 అక్టోబర్, ఆదివారం

రెండో పరీక్ష. మూడు మార్పులు చేశాం.

గుడ్డ మార్చాం. విజయవాడ వస్త్రలతలో మందం కోరా గుడ్డ కొన్నాను. గోడలకు రెండు పొరలు, రెండిటి మధ్య వేలెడు ఎడం ఉండేలా. ఆ ఎడంలో నిలిచిన గాలే అసలు గోడ.

ఎత్తు తగ్గించాం. దోమతెరలో నిలబడాలని ఎవరూ అనుకోరు, లేచి కూర్చుంటే చాలు. అయిదున్నర అడుగుల నుంచి మూడున్నరకు దించాం. వేడి పోయే వైశాల్యం బాగా తగ్గింది.

కప్పుకు సంచి కుట్టాం. ఇది బాబాయ్ ఆలోచన. దిండు గలీబు లాగా కప్పు మొత్తం ఒక పెద్ద జేబు, ఒక పక్క తెరిచి ఉంటుంది. అందులోకి దుప్పటి దూర్చేయాలి. వేడి పైకే పోతుంది కాబట్టి కప్పు మందంగా ఉండాలి, అక్కడేమో చోటు చాలనన్ని దుప్పట్లు మూటల్లో ఉన్నాయి. ఆవిడ వద్దన్న వస్తువే కప్పులోకి ఎక్కింది. మేం వార్డెన్ ఆంటీ గళ్ళ దుప్పటినే దూర్చాం. కలరా ఉండల వాసన, దాని అడుగున ఇంకేదో పాత సబ్బు వాసన. మా వాడు తల పక్కకు తిప్పుకున్నాడు.

కింద గోనె పట్టాలు, అట్టలు, పెద్దాయన చెప్పినట్టే.

చాంబర్ 6 డిగ్రీలు. నలభై నిమిషాలకు లోపల 11. గంటకు 12. దుప్పటి కప్పుకుని పడుకుంటే నాకు కునుకు పట్టింది కూడా. కోరా గుడ్డ ముట్టుకుంటే చల్లగా ఉంది గానీ చుక్క రాలలేదు.

గాలి సంగతి చాలాసేపు మాట్లాడుకున్నాం. మరీ బిగించకూడదు. కాళ్ళవైపు కప్పు దగ్గర అరచెయ్యి పట్టేంత చీలిక, తలవైపు అడుగు అంచు వదులుగా. వాటి వల్ల ఒక డిగ్రీ పోతే పోయింది.

6 నవంబర్, ఆదివారం

డ్రాయింగులు పంపాం. ఇక్కడ నేను పెద్ద తప్పు చేశాను. మంచానికి నాలుగు గుంజలు ఉంటాయనుకుని గీశాను. వీడియో కాల్‌లో హాలు చూపించారు. మంచాలు లేవు. మడత మంచాలు, నేలకు జానెడు ఎత్తు, గుంజలు లేవు. రెండేసి కలిపి కుటుంబానికి ఒక పడక చేసుకున్నారు. కొలతలు అంగుళాల్లో రాసి పంపినందుకు వాళ్ళు తికమక పడ్డారు కూడా. రెండు మంచాలు కలిపితే 140 సెంటీమీటర్లు బై 190.

తాళ్ళు దేనికి కట్టాలి? ఫోన్ హాలు చుట్టూ తిప్పమన్నాను. గోడ పొడుగునా చెక్క నిచ్చెనలు బిగించి ఉన్నాయి, పిల్లలు వ్యాయామం చేసేవి. అటువైపు వాలీబాల్ నెట్ కట్టే ఇనుప స్తంభాలు. బాబాయ్ నా భుజం మీదుగా చూస్తూ, "అదిగో, మేకులు వాళ్ళే కొట్టి పెట్టుకున్నారు" అన్నాడు. నిచ్చెన మెట్టుకు రెండు తాళ్ళు, స్తంభాల మధ్య బిగించిన తీగకు రెండు తాళ్ళు. గుంజల ఖర్చు పోయింది.

రాత్రంతా కూర్చుని అన్నీ సెంటీమీటర్లలో మళ్ళీ గీశాను. వివరాలు మా వాడు వాడికి వచ్చిన ఉక్రెయిన్ భాషలో రాశాడు, వార్డెన్ ఆంటీ దిద్దింది.

14 నవంబర్, సోమవారం

గ్రూపులో లక్షా నలభై రెండు వేలు పోగైంది. విదేశాలకు గిఫ్టుగా డబ్బు పంపడానికి రిజర్వ్ బ్యాంకు నిబంధనల్లో దారి ఉంది, మనిషి పేరు మీద ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా. ఫారం నింపి ఇవ్వాలి. అయినా మా బ్రాంచిలో యుద్ధం జరిగే దేశమనేసరికి నాలుగు రోజులు తిప్పారు. చివరికి ఇవాళ వెళ్ళింది. అక్కడి డబ్బు హ్రివ్నియా, మన రెండు రూపాయల చిల్లర.

గుడ్డ ఎక్కడ కొనాలో వాళ్ళకు తెలుసు. విన్నిట్సాకు రెండు గంటల దూరంలో ఖ్మెల్నిట్‌స్కీ అనే ఊళ్ళో బట్టల హోల్‌సేల్ మార్కెట్ దేశంలోనే పెద్ద వాటిలో ఒకటి. మన వస్త్రలత లాంటిదన్నమాట, ఇంకా చాలా పెద్దది.

శుక్రవారం ఖెర్సన్ నగరం మళ్ళీ ఉక్రెయిన్ చేతికి వచ్చింది. హాలులో ఉన్న ఖెర్సన్ కుటుంబాలు రాత్రంతా నిద్రపోలేదట. ఒక ముసలమ్మ మూట సర్దుకుని కూర్చుందట, వెంటనే బయల్దేరదామని. అక్కడ కరెంటు లేదు, నీళ్ళు లేవు, ఈ చలికాలం కదలొద్దని కూతురు ఆపిందట.

19 నవంబర్, శనివారం

మొన్న కీవ్‌లో మొదటి మంచు పడింది.

ఇవాళ మధ్యాహ్నం మూడున్నరకు వీడియో కాల్, అక్కడ పన్నెండు. వాళ్ళ గడియారం ఇప్పుడు మనకంటే మూడున్నర గంటలు వెనక. కరెంటు ఉండే వేళ చూసి పెట్టుకున్నాం, అయినా ఇరవై నిమిషాలకే పోయింది. ఫోన్లో నెట్ కాసేపు నిలిచింది. ఆ హాలు పక్క గదిలో ఆడవాళ్ళు ఇంతకాలం సైన్యానికి, శత్రువు కంట పడకుండా పైన కప్పుకునే వలలు అల్లుతున్నారు, ఆకుపచ్చ గుడ్డ పీలికలు ఇంకా గోడకు వేలాడుతున్నాయి. వాళ్ళ ఎలక్ట్రిక్ మిషన్లు కరెంటుతో పాటే ఆగాయి.

బాబాయ్ కెమెరా ముందుకు వంగి తన కాళ్ళు చూపించమన్నాడు. నేను ఫోన్ కిందికి దించాను. తొక్కుడు మిషన్, అరిగిన ఇనుప పలక మీద చెప్పుల్లేని రెండు పాదాలు ఆగకుండా ఊగుతున్నాయి. అటువైపు ఒకావిడ గట్టిగా ఏదో అంది, మిగతా వాళ్ళు కూడా అందుకున్నారు. వార్డెన్ ఆంటీ చెప్పింది: వాళ్ళ ఊళ్ళలో ప్రతి అమ్మమ్మ ఇంట్లోనూ పోదొల్స్క్ అనే పాత తొక్కుడు మిషన్ ఉంటుంది, సోవియట్ కాలానిది. ఎవరూ తియ్యరు, పూలకుండీ పెట్టుకుంటారు. విన్నిట్సాలో అడిగితే బోలెడు దొరుకుతాయి.

మూల కుట్టు చూపించడానికి బాబాయ్‌కి భాష అవసరం పడలేదు. పట్టీని ఐమూలగా మడిచాడు, గుడ్డకు లోపలి వైపు పెట్టాడు, చుట్టూ చతురస్రంగా కుట్టి మధ్యలో ఇంటూ గుర్తు వేశాడు. నాడా ఆ గుర్తు మధ్యలోంచి. తర్వాత ఆ మూల పట్టుకుని తన బరువంతా వేసి లాగాడు. అటువైపు ఆవిడ అలాగే చేసింది, లాగింది. ఊడింది. మళ్ళీ చేసింది. ఈసారి రెండు చేతులతో లాగినా నిలిచింది. బాబాయ్ బొటనవేలు ఎత్తి చూపించాడు.

24 నవంబర్, గురువారం

నిన్న మళ్ళీ పెద్ద దాడి. దేశంలో అణు విద్యుత్ కేంద్రాలన్నీ గ్రిడ్ నుంచి తెగిపోయాయి, పక్కన మాల్డోవాలో కూడా చాలాచోట్ల చీకటి. నిన్న మధ్యాహ్నం నుంచి వార్డెన్ ఆంటీ ఫోన్‌కు ఒకటే టిక్కు. మా వాడు అన్నం ముందు కూర్చుని లేచాడు. ఫిబ్రవరిలో నేను వాడి టిక్కుల కోసం ఇలాగే చూశాను.

రాత్రి 11.10కి రెండో టిక్కు. బాగానే ఉన్నాం అని ఒక్క ముక్క.

27 నవంబర్, ఆదివారం

ఫోన్లు చార్జ్ చేసుకోవడానికి ఊళ్ళో 'లొంగనివాళ్ళ కేంద్రాలు' తెరిచారు. దేశమంతా ఈ వారమే మొదలయ్యాయి: వేడి, వెలుతురు, నీళ్ళు, ఇంటర్నెట్ ఉండే గదులు. పేరు తర్జుమాలో ఇంకా బాగా రావాలి. ఆంటీ అక్కడి నుంచే మెసేజ్ పెట్టింది. రెండు తొక్కుడు మిషన్లు దొరికాయి, ఒకదానికి బెల్టు లేదు, పాత తోలు బెల్టు కోసి వేశారు. ఆరు తెరలు అయ్యాయి.

4 డిసెంబర్, ఆదివారం

మొదటి లెక్కలు వచ్చాయి. హాలు 9 డిగ్రీలు, తెర లోపల అర్ధరాత్రి 15. ఆ తెరలో నలుగురు పడుకుంటున్నారు. మా గణితం కంటే కాస్త మెరుగు, ఎందుకంటే వాళ్ళు మేం అనుకోని పని ఒకటి చేశారు. వంటగదిలో గ్యాస్ పొయ్యి కరెంటు లేకపోయినా వెలుగుతుంది. లీటరున్నర సీసాల్లో వేడినీళ్ళు పట్టి, మేజోళ్ళు తొడిగి, పిల్లల కాళ్ళ దగ్గర పెడుతున్నారు. అరవై డిగ్రీల నీళ్ళ సీసా ముప్పైకి దిగేలోపు యాభై వాట్‌అవర్లు ఇస్తుంది. రాత్రి మొదటి నాలుగు గంటలకు అది చిన్న దీపమంత.

ఫొటో ఒకటి పంపారు. హాలంతా వరసగా తెల్లటి పెట్టెలు. ఒకదాని గోడ మీద పిల్లలు రంగు పెన్సిళ్ళతో కిటికీ గీశారు, దానికి పరదాలు, గడప, తలుపు మీద నంబరు. ఖార్కివ్‌లో వాళ్ళ ఫ్లాట్ నంబరట.

మనం మొదట మాట్లాడుకున్నదంతా చలి గురించే. ఆంటీ రాసింది మాత్రం ఇంకొకటి: తొమ్మిది నెలల తర్వాత హాలులో ఆడవాళ్ళు మొదటిసారి ఎవరికీ కనిపించకుండా బట్టలు మార్చుకున్నారు. ఇది నేను ఏ డ్రాయింగులోనూ అనుకోలేదు. అనుకుని ఉండాల్సింది.

18 డిసెంబర్, ఆదివారం

టెన్షన్ పెట్టిన వారం. బుధవారం రాత్రి ఒక కుటుంబం తెర లోపల కొవ్వొత్తి వెలిగించింది. డబ్బాలో అట్టముక్కలు చుట్టి మైనం పోసి చేసే కొవ్వొత్తి, సైనికులకోసం అక్కడ ఇళ్ళల్లో చేస్తున్నారు, వేడి బాగా వస్తుంది. పక్క తెరవాళ్ళు వెలుతురు చూసి ఆర్పించారు. గుడ్డకు అంటుకోలేదు. అంటుకుని ఉంటే వరస నిండా తెరలు, అన్నీ నూలు గుడ్డ, పక్కపక్కనే.

నిప్పు ఒక్కటే కాదు ప్రమాదం. మూసిన చోట మంట సరిగా కాలకపోతే కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. ఇది డ్రాయింగులో ఒక మూల చిన్న అక్షరాల్లో రాశాను. అది నా తప్పు. బాధ్యతగా చెప్పాల్సిన మాటను చివర పెట్టాను.

మా వాడు పెద్ద పోస్టరు రాశాడు: లోపల మంట వద్దు, పొయ్యి వద్దు, సిగరెట్ వద్దు, టార్చి మాత్రమే. బొమ్మలతో. హాలు తలుపు మీద, ప్రతి తెర లోపలి వైపు అంటించారు. తెరల వరసలు విడదీసి మధ్యలో మనిషి నడిచేంత దారి వదిలారు. నీళ్ళ బకెట్లు, ఇసుక పెట్టారు. రాత్రి ఇద్దరు వంతులవారీగా మేలుకుంటున్నారు. తెరల తలుపు అంచుకు జిప్పు వద్దని, ఒకదాని మీద ఒకటి పడే రెండు గుడ్డ రేకులే ఉండాలని బాబాయ్ మొదట్లోనే పట్టుబట్టాడు. జిప్పు ఇరుక్కుంటే చంటిపిల్లాడితో తల్లి బయటపడలేదు కదమ్మా అని. అప్పుడు నేను చలిగాలి దూరుతుందని వాదించాను. ఇప్పుడు ఆయన మాట విన్నందుకు దేవుడికి దండం పెట్టుకుంటున్నాను.

26 డిసెంబర్, సోమవారం

19 తెరలూ పూర్తి. డబ్బు ఇంకా మిగిలింది. నేల మీద పరవడానికి అట్టపెట్టెలు దుకాణాల నుంచి ఊరికే వచ్చాయట. హమాలీ పెద్దాయనకు ఫోన్లో ఆ ఫొటో చూపించడానికి స్టోరేజీకి వెళ్ళాను. చాంబర్ దాదాపు ఖాళీ, కొత్త పంట వచ్చేదాకా పని తక్కువ. ఆయన ఫొటోను వేళ్ళతో పెద్దది చేసి అట్టల మందం చూశాడు. "ఇంకో రెండు పొరలు వెయ్యమనండి. చాలవు" అన్నాడు. అలాగే రాసి పంపాం. వేశారు.

8 జనవరి 2023, ఆదివారం

పాత కాలెండరు ప్రకారం నిన్న అక్కడ క్రిస్మస్. హాలులో గోధుమలు, తేనె, గసగసాలతో కుత్యా వండారు. బయట మైనస్ పదికి దిగింది. హాలులో 7, తెరలో 14. పసిపిల్ల ఉన్న తెరలో సీసాలు రాత్రి రెండుసార్లు మారుస్తున్నారు.

అదే వీధిలో ఒక కిండర్‌గార్టెన్ ఉంది, అందులో కూడా కుటుంబాలు దిగాయి. వాళ్ళు వచ్చి చూసి పన్నెండు తెరలు అడిగారు. అక్కడ నిచ్చెనలు లేవు, పైకప్పు తక్కువ, గోడలకు మేకులు కొట్టడానికి ఒప్పుకోరు. గుంజలు కావాలి. నీళ్ళ పైపుల ప్లాస్టిక్ గొట్టాలతో చట్రం చేద్దామని మా వాడు గీస్తున్నాడు. గొట్టాలు కలిపే ఎల్బోలు, టీలు ఇక్కడ పట్నం బజార్లో కొని ముందు డాబా మీద నిలబెట్టి చూస్తాం. దుప్పటి బరువుకు గొట్టం మధ్యలో వంగుతుందని నా అనుమానం.

తెనాలి వదిన చీరల మూటకు కూడా దారి దొరికింది. రెండో పొరకు మెత్తటి పాత చీరే మంచిదని తేలింది, కొత్త కోరా కంటే గాలిని బాగా పడుతుంది. అక్కడ చీరలు ఉండవు, పాత దుప్పటి కవర్లు వాడుతున్నారు. ఇక్కడ చీరలు పరీక్ష తెరకు వాడుతున్నాం. వదిన నిన్న వచ్చి స్వయంగా కత్తిరించి ఇచ్చింది.

వార్డెన్ ఆంటీ మా వాడిని అడిగింది, నా దుప్పటి జాగ్రత్తగా ఉందా అని. ఉందన్నాడు. మిర్చి వాసన సంగతి కూడా చెప్పాడు. ఎండలో వెయ్యి, నువ్వు వచ్చేసరికి పోతుంది అందట.

గురువారం సాయంత్రం ఏడున్నరకు కాల్. కిండర్‌గార్టెన్ నుంచి ఇద్దరు కొత్తవాళ్ళు నేర్చుకోవడానికి వస్తున్నారు. బాబాయ్ మూల కుట్టు మళ్ళీ మొదటి నుంచి చూపిస్తానన్నాడు.